'ఆకాశ' అని కొడితే మొదటి వచనమే రాలేదు: బైబిల్ సాఫ్ట్‌వేర్ తో నా అనుభవం

ఇదంతా ఒక పిల్లోడు అడిగిన ప్రశ్నతో మొదలైంది. బుధవారం సాయంత్రం మా వీధిలో గృహకూడిక ఉంటుంది, అయ్యగారు, అంటే మా పాస్టరు, రాలేని వారం నన్ను వాక్యం చెప్పమంటారు, ఆ రోజు 136వ కీర్తన చదివినాము. అందులో 26 వచనాలు, 26 సార్లూ 'ఆయన కృప నిరంతరముండును' అనే వస్తుంది గదా, ఒకరు మొదటి సగం చదివితే మిగతావాళ్ళం రెండో సగం చెప్తా పోయినాము. అయిపోయినాక ఇంజనీరింగ్ చదివే పిల్లోడొకడు లేచి, అంకుల్, కృప, దయ, కనికరం, వాత్సల్యం, ఇవన్నీ ఒకటేనా వేరే వేరేనా అన్నాడు. నేను గొంతు సవరించుకొని ఏదో చెప్పినాను, వాడు మర్యాదగా తలూపినాడు. ఆ తలూపడంలోనే తెలిసిపోయింది నాకు, వీడికి ఏమీ అందలేదని. నిజం చెప్పాలంటే నా దగ్గర ఉంటే గదా వాడికి అందేది.

నేను ఆర్టీసీ కండక్టర్ గా చేసి రిటైరైనోణ్ణి. చిత్తూరు మాది. తిరుపతి రూటు, వేలూరు రూటు, పలమనేరు మీదుగా మదనపల్లె రూటు, అన్నీ తిరిగినాను. కంప్యూటర్ తో నాకున్న పరిచయమంతా కడుపు మీద వేలాడేసుకున్న టికెట్ మిషన్ తోనే. అదొచ్చిన కొత్తలో కూడా ఇట్లే భయపడినా, టికెట్ ట్రే, పంచింగు పోయి బటన్లు వచ్చేసరికి మొదటి ట్రిప్పు పాకాల దాటినా సగం బస్సుకి టికెట్లు కొట్టలేకపోయినా. అట్లాంటోడికి మా మేనల్లుడు బెంగళూరు నుంచి వాడి పాత ల్యాప్‌టాప్ తెచ్చిచ్చి, మామా నీ ప్రశ్నకి దీంట్లో జవాబుంది, బైబిల్ సాఫ్ట్‌వేర్ వేసినా చూసుకో అని చెప్పి, అరగంట చూపించి, రాత్రి బస్సెక్కి పోయినాడు.

ఏ సాఫ్ట్‌వేర్ అనేది చెప్పను, తప్పులన్నీ నావి, పేరు దానిదెందుకు చెడాల. ఇట్లాంటివి చాలానే ఉన్నాయని తర్వాత తెలిసింది. ఈ-స్వోర్డ్ అని 2000 నుంచి ఉంది, ఉచితం. ద వర్డ్ అని ఇంకొకటి, అదీ ఉచితమే. ఫోన్లోకి ఆండ్‌బైబిల్ ఉంది. డబ్బులు పెట్టి కొనేవాటిల్లో లోగోస్, అకార్డెన్స్ అని పెద్దవి. బైబిల్‌వర్క్స్ అని పండితులు బాగా వాడినది ఒకటుండేదంట, అది 2018లో మూతపడింది.

మరుసటి రోజు పొద్దున స్నానం చేసి, ప్రార్థన చేసుకొని తెరిచినాను. తెరిచేసరికి స్క్రీను నిండా గళ్ళు. ఒక గడిలో ఇంగ్లీషు బైబిల్, ఒక గడిలో వ్యాఖ్యానం, ఇంకోదాంట్లో నిఘంటువు, కింద నోట్సు, పైన రెండు వరసల బొమ్మలు, ఒక్కో బొమ్మ మీద మౌస్ పెడితే ఒక్కో ఇంగ్లీషు మాట. పండగ ముందు రోజు తిరుపతి బస్టాండులో నిలబడినట్టుండింది, అన్ని బోర్డులూ కనిపిస్తాయి మన బస్సు తప్ప. ఇన్ని గళ్ళు నాకెందుకని ఒక్కోటీ మూలనున్న ఇంటూ గుర్తు నొక్కి మూసుకుంటా వచ్చినా, మూసి మూసి చివరికి బైబిలే మూసేసినా. బైబిల్ సాఫ్ట్‌వేర్ లో బైబిల్ లేదు. మా ఆవిడ వంటింట్లోంచి, ఏమైంది అంత నిశ్శబ్దంగా ఉండావు అంది. ఏం లేదులే అన్నా. మేనల్లుడికి ఫోన్ చేస్తే ఆఫీసులో ఉన్నాడు, సాయంత్రం చేసి, మామా పైన ఫలానా చోట నొక్కితే గళ్ళన్నీ మొదట ఉన్నట్టు వచ్చేస్తాయి అని చెప్పినాడు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఎవరన్నా దీన్ని చదువుతా ఉంటే మొట్టమొదట ఆ బటన్ యాడుందో తెలుసుకోండి, మిగతావన్నీ తర్వాత. చెడగొట్టినా మళ్ళా బాగవుతుందని తెలిస్తేనే చెయ్యి ధైర్యంగా కదుల్తుంది.

తర్వాత నేను చేసిన తప్పు అత్యాశ. డౌన్‌లోడ్ అని ఒక పేజీ ఉంది, దాంట్లో బైబిళ్ళు, వ్యాఖ్యానాలు, నిఘంటువులు, పటాలు, చాలావరకు ఉచితం. ఉచితం అంటే తెలుసు గదా. ఒకటి తర్వాత ఒకటి టిక్కు పెట్టుకుంటా పోయినా, రాత్రంతా దిగతానే ఉండాయి. మాథ్యూ హెన్రీ వ్యాఖ్యానం దిగింది, ఆయన 300 ఏళ్ళ కిందటి మనిషి. ఇంకా ఎవరెవరో ఎప్పుడెప్పటివాళ్ళో దిగినారు. జర్మన్ బైబిల్ కూడా దిగింది, జర్మన్ ఎవరికి రావాల ఈ ఇంట్లో? తెల్లారి తెరిస్తే ల్యాప్‌టాప్ కదలదు. ఒక వచనం నొక్కితే ఆ వచనం మీద పదకొండు మంది ఒకేసారి మాట్లాడతా ఉండారు. నేను వారం రోజులు చేసిందేంటంటే వ్యాఖ్యానాలు తిప్పి తిప్పి చూడ్డం, అబ్బా ఎంత ఉందీ అని సంతోషపడ్డం, బైబిల్ మాత్రం ఒక్క అధ్యాయం చదవలా.

సరే తెలుగు బైబిల్ పెట్టుకుందామని చూస్తే ఇంకో కథ. మొదట ఎవరో ఇచ్చిన ఫైలు ఎక్కిస్తే అక్షరాల బదులు ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, బ్రాకెట్లు. ఫైలు పాడైందనుకున్నా. కాదంట, అది పాతకాలం ప్రింటింగ్ ప్రెస్సు ఫాంటులో కొట్టింది, ఆ ఫాంటు లేకుంటే అట్లే కనిపిస్తుంది, యూనికోడ్ లో, అంటే ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా కనిపించే పద్ధతిలో, ఉన్నది కావాలంట. అది తెచ్చి పెట్టినాక అక్షరాలు వచ్చినాయి, ఆదికాండము 1వ అధ్యాయం కనిపించింది, మా అమ్మ చదివిన అదే మాటలు, అదే 'ఆదియందు'. అంతవరకూ ఆ మిషన్ పరాయిదిగా ఉండింది నాకు. ఆ రోజు నుంచి కొంచెం మనదైంది.

ఇంక వెతకడం. ఇక్కడే నాకు ఎక్కువ రోజులు పట్టింది, ఎవరూ సరిగ్గా చెప్పినోళ్ళు కూడా లేరు, ఎందుకంటే నేర్పించే వీడియోలన్నీ ఇంగ్లీషు బైబిల్ తోనే చూపిస్తారు. ఇంగ్లీషులో 'గాడ్' అని కొడితే గాడ్ ఉన్నవన్నీ వస్తాయి. నేను తెలుగులో 'దేవుడు' అని కొట్టినా. ఆదికాండం 1:1 వచ్చింది, సంతోషం. రెండో వచనం రాలేదు. అదేంది, 'దేవుని ఆత్మ జలములపైన అల్లాడుచుండెను' అని ఉంది గదా అక్కడ? ఉంది. కాకుంటే 'దేవుడు' లేడు, 'దేవుని' ఉంది. మిషన్ కి మనలాగా దేవుడు, దేవుని, దేవునికి, దేవునితో అన్నీ ఒకటేనని తెలీదు. ఇంగ్లీషోడికి మాట ఒకచోట, ఆఫ్, టు అనేవి ఇంకోచోట. మనకు అన్నీ మాటకే అతుక్కొని వస్తాయి. కాబట్టి 'దేవు' అని సగం కొట్టి, పూర్తి మాట మాత్రమే అనే టిక్కు తీసేసి వెతకాల. ఇది కనుక్కోడానికి నాకు రెండు వారాలు పట్టింది, కనుక్కున్న రోజు డబుల్ డ్యూటీ డబ్బులొచ్చినంత సంబరపడినా.

ఆ సంబరం ఒక రోజే. మరుసటి రోజు 'ఆకాశ' అని కొట్టినా, తెలివిగా సగమే కొట్టినా. ఎన్నో వచ్చినాయి, మొదటి వచనం మాత్రం లేదు. బైబిల్ తెరవంగానే ఉండే ఆకాశం లేదు! కాగితం బైబిల్ తీసి చూసినా: 'ఆదియందు దేవుడు భూమ్యాకాశములను సృజించెను'. భూమి, ఆకాశం కలిసి భూమ్యాకాశం అయిపోయె, సంధిలో 'ఆ' పోయి 'మ్యా' అయిపోయె. పదో తరగతిలో యణాదేశ సంధి అని చెప్పి మా తెలుగు అయ్యవారు కొట్టిన దెబ్బ గుర్తొచ్చింది, యాభై ఏళ్ళ తర్వాత దాని అవసరం ల్యాప్‌టాప్ ముందర తెలిసింది. ఇట్లాంటివి ఇంకా ఉన్నాయి. పాత అనువాదంలో ఒకచోట 'ఎక్కువ', ఇంకోచోట 'యెక్కువ'. 'ఇహలోకము' కొన్నిచోట్ల 'యిహలోకము'. రెండు రకాలూ కొట్టి చూసుకోవాల. అన్నిటికంటే నన్ను ఏడిపించింది రూతు గ్రంథంలో 3:10. పొలం ఆసామి బోయజు, తన పొలంలో పరిగె ఏరుకునే రూతుని మెచ్చుకుంటా 'సత్‌ప్రవర్తన' అంటాడు. కళ్ళ ముందర వచనం కనిపిస్తా ఉంది, అదే మాట నేను కొడితే సున్నా ఫలితాలు. మేనల్లుడు చూసి నవ్వినాడు, మామా ఆ పొల్లు త కి, ప కి మధ్యలో కంటికి కనపడని గుర్తొకటి ఉంటుంది, అవి రెండూ అతుక్కోకుండా, నువ్వు కొట్టినదాంట్లో అది లేదు అన్నాడు. కంటికి కనపడనిదాన్ని నేను యాడ నుంచి తెచ్చేది? 'ప్రవర్తన' అని మాత్రం కొడితే వచ్చేసింది.

ఇదంతా జరుగుతా ఉన్నప్పుడే ఈ తెలుగు బైబిల్ ఎవరు రాసినారు అని చదివినా. కొత్త నిబంధన 1818లోనే శ్రీరాంపూర్ లో అచ్చయిందంట. దాని తర్వాత తెలుగు బైబిల్ ని సవరించడానికి పెట్టిన కమిటీకి 1873 నుంచి 20 ఏళ్ళకు పైగా అధ్యక్షుడుగా ఉన్నది జేకబ్ చాంబర్లేన్ అనే అమెరికా డాక్టరు. ఆయన ఉండిందెక్కడ? మా మదనపల్లెలో. 1863లో వచ్చి, 1908లో అక్కడే చనిపోయినాడు. మదనపల్లె డ్యూటీ ఎన్నేళ్ళు చేసినానో లెక్కే లేదు, బస్టాండులో టీ తాగి మళ్ళా రైట్ రైట్ అని వచ్చేసేవాణ్ణి, ఈ మాట ఒక్కరు చెప్పలా.

ఇప్పుడు అసలు విషయానికొస్తా, నంబర్లు. సాఫ్ట్‌వేర్ లో ఉండే కింగ్ జేమ్స్ బైబిల్ లో, అది పాత ఇంగ్లీషు అనువాదం, ఒక్కో మాట పక్కన చిన్న నంబరుంటుంది, దాన్ని స్ట్రాంగ్స్ నంబర్ అంటారు. నేను చాన్నాళ్ళు స్ట్రాంగ్ అంటే గట్టిది, నమ్మకమైంది అని అనుకున్నా. మనిషి పేరంట అది. జేమ్స్ స్ట్రాంగ్ అని అమెరికాలో ప్రొఫెసరు, 1890లో ఆయన పుస్తకం వచ్చింది. కింగ్ జేమ్స్ బైబిల్లో ప్రతి మాటా ఎక్కడెక్కడుందో లిస్టు రాసి, దాని వెనక ఉన్న హెబ్రీ మాటకో గ్రీకు మాటకో ఒక నంబరిచ్చినాడు. హెబ్రీకి 8674 దాకా, గ్రీకుకి 5624 దాకా. కంప్యూటర్ లేదు, కరెంటు బల్బే అప్పుడప్పుడే వస్తా ఉన్న కాలం. రోజుకొక వే బిల్లు, అంటే టికెట్ల లెక్క రాసే కాగితం, తేలక డిపోలో రాత్రి పదింటిదాకా కూర్చున్న మనిషిని నేను, ఆ లెక్క ఎంతదో నాకు తెలుసు.

నంబరు దేనికంటే, భాష రాకపోయినా మాటని పట్టుకోవచ్చు. మా బస్సులో స్టేజీ నంబర్లలాగా. తమిళాయన ఎక్కి ఊరి పేరు ఎట్ల పలికినా, తెలుగాయన ఎట్ల పలికినా, మిషన్లో కొట్టేది ఒకే స్టేజీ నంబరు గదా, అట్లన్నమాట. ఇక్కడ నాలాంటోళ్ళకి ఒక చిక్కుంది, నంబర్లు కింగ్ జేమ్స్ లాంటి కొన్ని బైబిళ్ళకే ఉంటాయి, నా దగ్గరున్న తెలుగు బైబిల్ కి లేవు. తెలుగు మాట మీద ఎన్నిసార్లు నొక్కినా ఏమీ కాదు, మౌస్ చెడిపోయిందనుకొని కొత్త మౌస్ కూడా కొన్నా, 350 రూపాయలు. తెలుగు ఒక గడిలో, కింగ్ జేమ్స్ ఇంకో గడిలో పెట్టి రెంటినీ లింకు చెయ్యాల, ఒకటి జరిపితే రెండోది జరిగేటట్టు. తెలుగులో చదువుకొని, పక్కన ఇంగ్లీషులో నంబరు నొక్కాల. నా ఇంగ్లీషు కండక్టరు ఇంగ్లీషే, దానికీ అది సరిపోయింది.

సరిపోయింది అన్నానా, అదే కొంప ముంచింది. నంబర్లు నొక్కడం వచ్చిన రెండో వారమే నాకు గ్రీకు వచ్చేసిందని అనుకున్నా. బుధవారం కూడికలో రోమా 1:16 తీసి, ఇక్కడ శక్తి అనే మాటకి గ్రీకులో డునామిస్, నంబర్ 1411, దీన్నుంచే డైనమైట్ వచ్చింది, సువార్త అంటే డైనమైట్, మన క్వారీల్లో బండని ఎట్ల పేలుస్తారో అట్ల, అని చేతులూపి చెప్పినా. అందరూ స్తోత్రం అన్నారు. తర్వాతి వారం యోహాను 21. యేసు పేతురుని మూడుసార్లు నన్ను ప్రేమించుచున్నావా అని అడుగుతాడు గదా, తెలుగులో మూడుసార్లూ ప్రేమే, గ్రీకులో మాత్రం మొదటి రెండుసార్లు అగపావో, నంబర్ 25, మూడోసారి ఫిలేయో, నంబర్ 5368, ఒకటి దేవుని ప్రేమ, ఇంకోటి ఉత్త స్నేహం, అందుకే పేతురు దుఃఖపడినాడు అని చెప్పినా. మళ్ళా స్తోత్రం.

ఆ వారం మా అయ్యగారు వచ్చి వెనక కూర్చున్నది నేను చూడలా. ఆయన సెమినరీలో గ్రీకు చదువుకున్న మనిషి, అందరి ముందర ఒక్క మాటనలేదు. మరుసటి రోజు ఇంటికొచ్చి, టీ తాగి, ఆ మిషన్ తెరువన్నా ఒకసారి అన్నారు. తెరిచినా. నీ 25వ నంబరు వెతుకు, రెండో తిమోతికి 4:10 చూడు అన్నారు. 'దేమా యిహలోకమును స్నేహించి నన్ను విడిచి' అని ఉంది. పక్కన ఇంగ్లీషులో నంబరు చూస్తే 25. పౌలుని వదిలేసి లోకం వెంట పోయిన దేమాది అగపావో! మన తెలుగులో స్నేహించి అని రాసినారు. దేవుని ప్రేమ అని నేను ముందు రోజు సాయంత్రం గొంతు చించుకున్న మాట. మళ్ళా యోహాను 3:35 చూడన్నారు, తండ్రి కుమారుణ్ణి ప్రేమిస్తాడు, నంబర్ 25. యోహాను 5:20 చూడన్నారు, అదే తండ్రి, అదే కుమారుడు, అదే ప్రేమ, నంబర్ 5368. నాకు మాట రాలా. ఇంక డైనమైట్ సంగతి నేనే అడిగినా, ఎట్లయినా పోయింది పరువు అని. ఆయన నవ్వి, డైనమైట్ ని నోబెల్ కనిపెట్టింది 1867లో అన్నా, పౌలుకేం తెలుసు క్వారీ సంగతి, పేరు పెట్టినాయన గ్రీకు నుంచి తీసుకున్నాడు గానీ గ్రీకు మాటలో మందుగుండు లేదు అన్నారు. వెనక నుంచి ముందుకు టికెట్టు కొట్టకూడదు గదా నువ్వు, అని కూడా అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటా ఉంటుంది.

ఆయన పోతా పోతా ఒకటే చెప్పినారు. నిఘంటువు గడి మూసేయ్, నంబరుతో ఆ మాట వచ్చిన వచనాలన్నీ తెచ్చుకో, వాటిని తెలుగులో కూర్చొని చదువు, అర్థం అదే తెలుస్తుంది, అంతకంటే ఏం చెయ్యొద్దు అని.

అప్పుడు మళ్ళా పిల్లోడి ప్రశ్న గుర్తొచ్చింది. రెండు నెలలైంది వాడడిగి, నేను డైనమైట్లు పేల్చుకుంటా తిరగతా ఉండా. ఆ రోజే కూర్చొని దిగిన వ్యాఖ్యానాలన్నీ తీసేసినా, రెండు మాత్రం ఉంచినా. గళ్ళు మూడే పెట్టినా: తెలుగు, కింగ్ జేమ్స్, కింద నోట్సు. 136వ కీర్తనలో కృప నంబర్ నొక్కితే హెబ్రీ 2617, హెసెద్. ఆ నంబరుతో వెతికితే దాదాపు 250 చోట్ల ఉంది, అందులో ఇంచుమించు సగం కీర్తనల్లోనే. ఇంగ్లీషులో ఒకచోట మెర్సీ, ఒకచోట కైండ్‌నెస్, ఒకచోట లవింగ్‌కైండ్‌నెస్. ఈ చివరి మాటని 1535లో కవర్‌డేల్ అనే ఆయన బైబిల్ అనువాదం చేస్తా సొంతంగా అతికించి తయారుచేసినాడంట, ఉన్న మాటలేవీ సరిపోక. రోజుకి పది వచనాలు పెట్టుకున్నా. కాగితం మీద ఒక వరసలో వచనం, ఇంకో వరసలో తెలుగులో ఏం మాట వాడినారో రాసుకుంటా పోయినా, అచ్చం వే బిల్లు రాసినట్టు.

23వ కీర్తన చివర 'కృపాక్షేమములే' అన్నదాంట్లో కృప 2617. హోషేయ 6:6లో 'కనికరమునే కోరుచున్నాను', అదీ 2617. రూతు 1:8లో రూతు అత్త నయోమి కోడళ్ళతో మీరు దయ చూపినారు అంటుంది, ఆ దయ 2617. ఆ కంటికి కనపడని గుర్తున్న సత్‌ప్రవర్తన ఉందే, అది కూడా 2617! నాలుగు తెలుగు మాటల కింద ఒకటే స్టేజీ. పోనీ కృప అని ఎక్కడున్నా హెసెదేనా అంటే అదీ కాదు. నోవహు కృప పొందినాడు అన్నచోట నంబర్ 2580, అది వేరే మాట. కొత్త నిబంధనలో కృపచేతనే రక్షింపబడినారు అన్నచోట గ్రీకు 5485.

రూతు మాత్రం నన్ను పట్టుకొని కూర్చోబెట్టింది. రూతు పరిగె ఏరుకుంటుంది గదా పొలంలో. మా అవ్వ చెనిక్కాయలు పెరికిన చేలల్లో పరిగె ఏరేది, నేను వెనకాల గంప పట్టుకొని పోయేవాణ్ణి, మంచి రైతు చూసీ చూడనట్టు పోయేవాడు, కొందరు తరిమేవాళ్ళు. విధవరాలైన అత్తని వదిలేసి పోయినా ఎవరూ ఏమీ అనరు, అయినా రూతు పోలేదు. బోయజు గింజలు కావాలనే వదిలిపెట్టించినాడు, ఆయన్నీ ఎవరూ అడగలా. చెయ్యకపోయినా తప్పు పట్టేవాడు లేని చోట, వదలకుండా చెయ్యడం. ఏ నిఘంటువూ తెరవకుండానే నాకు హెసెద్ అక్కడ కొంచెం అర్థమైంది.

పిల్లోడికి చూపించడానికి అన్నీ ఒక్కచోట దొరికింది 51వ కీర్తనలో. 'దేవా, నీ కృపచొప్పున నన్ను కరుణింపుము, నీ వాత్సల్య బాహుళ్యముచొప్పున నా అతిక్రమములను తుడిచివేయుము.' కృప 2617, కరుణింపుము 2603, వాత్సల్యం 7356. ఒకే వచనంలో మూడు నంబర్లు, మూడు మాటలు. హెబ్రీ బైబిల్ గడి కూడా తెరిచి చూద్దామని పోతే అక్కడ మొదటి వచనంలో ఇది లేదు, మళ్ళా ఏదో చెడగొట్టినానని గుండె జారింది. తర్వాత తెలిసింది, కీర్తనకి పైన ఉండే దావీదు, నాతాను అనే ముక్కని మనం శీర్షికగా వదిలేస్తాము, హెబ్రీలో దాన్నీ వచనాలుగా లెక్కపెడతారు, అందుకని మన 51:1 వాళ్ళకు 51:3. వాత్సల్యం మాట గర్భం అనే మాటకి చుట్టమంట. అది చదివినప్పుడు మళ్ళా డైనమైట్ భయం పట్టుకుంది, చెప్పాలా వద్దా అని అయ్యగారికి ఫోన్ చేసినా. ఆయన, ఈసారి వచనం తోడుందన్నా, యెషయా 49:15 చూడు, స్త్రీ తన గర్భాన పుట్టిన బిడ్డని కరుణించకుండా మరుస్తుందా అని అక్కడే గర్భం, కరుణ అనే రెండు తలపులూ యెషయా పక్కపక్కన పెట్టినాడు, ధైర్యంగా చెప్పు అన్నారు.

ఇంక చెప్పబోయే ముందు ఒక అన్యాయం జరిగింది. ల్యాప్‌టాప్ ఆన్ కాకపోతే ఒక షాపులో ఇచ్చినా, ఆయన ఫార్మాట్ కొట్టేసి, అన్నా కొత్తదాని మాదిరి చేసినా చూడు అని ఇచ్చినాడు. నా నోట్సు గడిలో టైపు చేసుకున్నవన్నీ పోయినాయి. ఒంటివేలితో కొట్టినవి, నెల రోజులవి. బ్యాకప్ అని మెనూలో ఉంది, మూడోసారి గళ్ళు సర్దుకున్నప్పుడు చూసినా కూడా, మనకెందుకులే అనుకున్నా. మా ఆవిడ లోపలికి పోయి నా వే బిల్లు కాగితాలు తెచ్చి ముందర పెట్టింది, పాత పేపర్లలో వేస్తావని నేను దాచినా అంది. వచనాలన్నీ ఉండాయి. అప్పట్నుంచి రెండుచోట్లా రాస్తా ఉండా, పెన్‌డ్రైవ్ కూడా కొన్నా.

ఆ బుధవారం ల్యాప్‌టాప్ కూడికకి తీసుకుపోలేదు. 51వ కీర్తన ఒక్క వచనం, రూతు కథ, మా అవ్వ పరిగె గంప, అంతే. గ్రీకు మాట ఒక్కటీ చెప్పలా, హెబ్రీవి రెండే చెప్పినా. పిల్లోడు ఈసారి తలూపలేదు, ఫోన్ తీసి రాసుకున్నాడు. ప్రార్థన అయిపోయి అందరూ చెప్పులేసుకుంటా ఉంటే వచ్చి, అంకుల్, యోహాను 14:27లో 'శాంతి' అని ఉంది, రోమా 5:1లో 'సమాధానము' అని ఉంది, ఈ రెండూ ఒకటేనా అన్నాడు.

ఇంటికొచ్చి అన్నం తినకుండానే తెరిచినా. మూడు గళ్ళు. 'సమాధాన' వరకే కొట్టి, చివర 'ము' కొట్టకుండా వదిలేసి, ఎంటర్ నొక్కినా.